ఎరుపు పూసిన కోడిపిల్లలు

కోళ్ల పెంపకం గురించి ఒక చిన్న పుస్తకం ఈమధ్య మా ఊళ్లో ఇంటింటికీ పంచారు. అట్ట మీద బొమ్మ బాగానే ఉంది. లోపల మొదటి పేజీలోనే, పెరటి కోళ్లకు శ్రమ అక్కర్లేదనీ, తిరిగి తిని వాటంతట అవే పెరుగుతాయనీ రాశారు. ఆ మాట చదివి నాకు ఒళ్లు మండిపోయింది. వాటంతట అవేనట! రాసినవాడు ఏనాడైనా గద్ద నీడ పడ్డ వాకిట్లో నిలబడ్డాడా? ముంగిస గొంతు కొరికి వదిలేసిన పిల్లను చేతిలోకి తీసుకున్నాడా? నేను ఏ బడికీ పోలేదు. అంగట్లో బెల్లం చుట్టిచ్చే కాగితాలు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నవాణ్ని. అయినా తెలియని సంగతి రాయకూడదన్న జ్ఞానం నాకుంది. నాకు తెలిసింది ఒక్క పెట్ట పొదిగిన పిల్లల సంగతి. అదే రాస్తాను.

మాది కర్నూలు జిల్లా పడమటి వైపు, పత్తికొండకు పోయే బండిబాట పక్కన ఒక ఊరు. ఊరికి ఎడంగా మా పాళెం. మా తాతల నాడే పాళెమంతా క్రీస్తు మతంలో కలిసింది. మట్టిగోడలు, పైన బోదగడ్డి కప్పు, చుట్టూ రొమ్మెత్తు రాతిగోడ, అదీ మా గుడి. అందరికీ తలా కాస్త మెట్టభూమి ఉండేది. అది చాలదు గనక మిగతా రోజుల్లో ఊళ్లో ఆసాముల చేలల్లో కూలి.

నా భార్య మైదుకూరు వైపు పిల్ల. కాపురానికి వచ్చేటప్పుడు బండిలో కోడిపెట్టను ఒళ్లో పెట్టుకుని వచ్చిందని పాళెంలో చాలాకాలం నవ్వుకున్నారు. మా దగ్గర కోళ్లు ఆడవాళ్ల సొత్తు. మగవాడు ఎద్దును పట్టుకోవచ్చు, పొట్టేలును పట్టుకోవచ్చు, కోడిని మాత్రం కోయడానికే పట్టుకోవాలి. పొద్దున గంప ఎత్తడం, గింజలు చల్లడం, సాయంత్రం పిలిచి మళ్లీ గంప కమ్మడం మగవాడు చేశాడంటే చూసినవాళ్లు ముసిముసిగా నవ్వుతారు. ఎందుకు నవ్వాలో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

జొన్నకోతలు అయ్యాక మా గుడిలో కోతల పండుగ జరిగేది. ఎవరికి కలిగింది వాళ్లు తెచ్చి బల్ల ముందు పెడతారు. జొన్నలు, గుమ్మడికాయలు, గుడ్లు, కోళ్లు. ఆరాధన జరిపించే ఉపదేశి ఒక్కొక్క కానుకనూ ఎత్తి చూపించి, ఇచ్చినవాళ్ల పేరు బిగ్గరగా పలికి, వేలం పాడిస్తాడు. ఏడాది పొడుగునా మా ఆడవాళ్లు ఫలానావాని పెండ్లాం, ఫలానావాని తల్లి. ఆ ఒక్క పూట మాత్రం కోడిని తెచ్చిన ఆడమనిషి పేరు గుడిలో అందరూ వినేటట్టు పలుకుతారు. నా భార్యకు అదంటే శానా ఇష్టం. తన పేరు వినపడగానే తల వంచుకుని పైట సర్దుకునేది.

మొదటి పెద్ద యుద్ధం ముగిసే రోజుల్లో విషజ్వరం వచ్చింది. అంతకు కాస్త ముందే ఆమె గుడ్లు పొదుగు వేసింది. పెట్టను గుడ్ల మీద సర్దుతూ, "ఈ పిల్లల్లో మంచి పెట్ట దేవునిది. కోతల పండక్కి ఇస్తాండా. మల్ల నువ్వు నోరూరించుకోవద్దు, సూడు" అంది.

"దేవుడు తినేది యాడుండాది, పెద్దలు తింటారు" అన్నాను.

"ఎవురన్నా తిననీ. పేరు నాది గదా" అంది.

పిల్లలు బయటికి రాకముందే ఆమె పోయింది.

ఆ రోజుల్లో పాళెంలో చావు లేని ఇల్లు లేదు. సమాధికి వచ్చిన బంధువులు మూడోనాటి కూడిక దాకా ఉన్నారు. వచ్చినవాళ్లకు పెట్టాలి గదా. కోళ్లు ఒకటొకటిగా కుండలోకి పోయాయి. నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవరినీ ఆపలేదు. ఆపే స్థితిలో లేను. చివరికి మిగిలింది మూలన గుడ్ల మీద కూర్చున్న పెట్ట ఒక్కటే. పొదుగు మీదున్న కోడిని మావాళ్లు కోయరు. కట్టుబాటు అంటే కట్టుబాటే, ఎంత ఆకలిగా ఉన్నా దాని వైపు చెయ్యి చాచరు.

బంధువులు వెళ్లిపోయారు. ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, కుండలో నీళ్లు ముంచుకుంటే ఆ చప్పుడుకు నాకే ఉలికిపాటు. అట్లాంటి ఒక పొద్దున మూలలోంచి కిచకిచమని వినపడింది. పెట్ట రెక్కల కింద నుంచి చిన్న చిన్న తలలు బయటికి వస్తున్నాయి. సంతోషం కలగలేదు, భయం వేసింది. మాట ఇచ్చిన మనిషి లేదు, మాట మాత్రం నా చేతిలో మిగిలింది. ఈ పిల్లల్లో ఒక మంచి పెట్ట పండుగ దాకా బతకాలి. ఆమె పేరు గుడిలో మరొక్కసారి పలకాలి. అంతకు మించి నేను ఎవరినీ ఏమీ కోరలేదు.

వాకిట్లోకి వదిలిన మొదటి రోజే గద్ద ఒక పిల్లను ఎత్తుకుపోయింది. మరుసటి రోజు ఇంకొకటి. నేను అరుస్తూ పరిగెత్తేలోగా అది చింతచెట్టు దాటిపోయేది. ఇంకో కష్టం, పెట్ట నా పిలుపుకు రాదు. "బా బా బా" అని ఆమె పిలిచినట్టే పిలిచేవాణ్ని. నా గొంతు వినగానే అది బెదిరి, పిల్లల్ని వెంటబెట్టుకుని పక్కింటి గోడ సందులోకి దూరేది. దాని లెక్కలో నేనూ ఒక గద్దనే. పక్కింటివాళ్లు తొంగి చూసి, "ఏమప్పా, కోళ్లకు పాటలు పాడుతాండావా?" అని నవ్వేవాళ్లు.

ఊరి నుంచి మేకలు తోలుకుని మా పాళెం మీదుగా బీడుకు పోయే ముసలమ్మ ఒకామె ఉండేది. అందరూ అవ్వా అనే పిలిచేవాళ్లు. ఎల్లమ్మకు మొక్కే మనిషి, నుదుట రూపాయంత బొట్టు. ఒకరోజు ఆమె మా వాకిలి దాటుతుండగా, తలా రొమ్మూ తెల్లగా, ఒళ్లు ఇటుకరంగులో ఉన్న గద్ద ఒకటి పైన తిరుగుతోంది. నేను రాయి ఎత్తాను. అవ్వ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"కండ్లు కనపళ్లేదా నీకు? గరుడ పక్షప్పా అది! దేవుణ్ని రాయి పెట్టి కొడతావా?" అని పైకి చూసి చెంపలు వేసుకుంది.

"మీ దేవుడైతే మీ ఊళ్లో కోళ్లనెత్తకపోమను. మా పాళెంలో ఏం పని?"

"ఆకలైనాక ఊరేంది, పాళెమేంది? యాడికైనా వస్తాడు."

"వస్తే రానీ. అడిగి తీసుకపోమను."

అవ్వ కడుపు పట్టుకుని నవ్వింది. సమాధి అయినప్పటి నుంచి నా ముందర ఎగతాళి లేకుండా నవ్విన మొదటి మనిషి ఆమె. మేకలను అటు వదిలి మా గడప మీద కూర్చుంది. పెట్ట కాలికి మెత్తటి పేలిక చుట్టి, దాని మీద తాడు వేసి గుంజకు కట్టమంది. తల్లి కదలకపోతే పిల్లలు దూరం పోవట. పక్కన రేగుకంప పోగు వేయమంది. తల్లి గుర్రుమనగానే పిల్లలు ముళ్ల కింద దూరతాయి, గద్ద రెక్క ముళ్లలో పట్టదు. తర్వాత పసుపూ సున్నమూ తెమ్మంది. రెండూ కలిపి నూరితే నెత్తురంత ఎరుపు వచ్చింది.

"ఇది పిల్లల నెత్తినా ఈపునా పుయ్యి. గద్ద రాదు."

"ఎర్రగుంటే మాంసమనుకొని ఇంకా ఎగబడదా అవ్వా?"

"నువ్వేమన్నా గద్దవా? నీకెట్ల తెలుసు?"

"మల్ల నీకెట్ల తెలుసు?"

"నేను సాకినా. నువ్వు తిన్నావు" అంది అవ్వ. నేను ఆ ఎరుపు తీసుకుని పిల్లల్ని పట్టుకోవడానికి లేచాను.

రంగు వల్లనో, కంప వల్లనో, కట్టేసిన తల్లి వల్లనో నేను చెప్పలేను. గద్ద వచ్చి, చుట్టూ తిరిగి, పోయింది. కొన్నాళ్లు ఒక్క పిల్లా పోలేదు. ఎర్రటి పిల్లలు వాకిట్లో మిరపపండ్లు దొర్లినట్టు తిరుగుతుంటే, ఆ నెలలో మొదటిసారి కడుపు నిండా అన్నం తిన్నాను.

అంతలో ఉపదేశి వచ్చాడు. కర్నూలులో చదువుకుని మా గుడికి వచ్చిన మనిషి. కోటు, గొడుగు, మడత నలగని పంచె. చావు జరిగిన ఇంట్లో ప్రార్థన చేయడానికే వచ్చాడు పాపం. వాకిట్లో అడుగు పెట్టి ఆగిపోయాడు.

"ఏమయ్యా, ఈ బొట్లేమిటి?" అన్నాడు.

"బొట్లు కాదయ్యగారూ, గద్దకు పూసినాను."

"ఆ మేకల ముసలమ్మ మీ గడప మీద కూర్చుంటుందని విన్నాను. నేను నమ్మలేదు." ప్రార్థన చేయకుండానే గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు నన్ను నిలబెట్టారు. ఆడవాళ్లు కూడా పోకుండా వాళ్ల వైపు కూర్చునే ఉన్నారు. అందరిలోకీ వయసైన పెద్ద గొంతు సవరించుకున్నాడు.

"పెండ్లాము పోయినాక ఎల్లమ్మ కాడికి పోతాండావంట గదా?"

"నేను యాడికీ పోల్యా. కోడిపిల్లలు గద్ద కాడికి పోకుండా సూసుకుంటాండా."

"మల్ల వాటి నెత్తిన కుంకుమేంది?"

"కుంకుమ కాదు, పసుపూ సున్నము. మీ యింట్లో కాలు బెణికితే పూసుకోరా?"

ఉపదేశి లేచాడు. "దెబ్బ తగిలాక పూస్తే అది వైద్యం. తగలకముందు పూస్తే అది మంత్రం" అన్నాడు. పెద్దలందరూ తలలూపారు. మాట బాగా కుదిరిందని నాకూ అనిపించింది. అందుకే ఒళ్లు మండింది.

"అట్లైతే ఒక మాట సెప్పండి. బైబిల్లో, ఐగుప్తు దేశంలో మనోళ్లు గుమ్మాలకు గొర్రెపిల్ల నెత్తురుతో ఎరుపు పూసింది దెబ్బ తగిలినాకనా, తగలకముందా? సంహరించే దూత ఆ ఎరుపు సూసి దాటిపోయినాడు గదా. గద్ద దాటిపోతే తప్పేంది?"

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. నా కొంప ముంచింది నా ప్రశ్న కాదు, ఆ నవ్వు. దేవుని దూతను గద్దతో పోల్చాడని ఒకరు, గుడిలో దేవుణ్ని నవ్వులపాలు చేశాడని ఇంకొకరు లేచారు. తీర్పు చెప్పారు. పిల్లల రంగు కడగాలి, సంఘం ముందు నిలబడి తప్పయిందనాలి. అప్పటిదాకా రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల దగ్గరికే కాదు, గుడి గడప లోపలికే రాకూడదు.

నేను కడగలేదు. తప్పయిందనలేదు. కడుపు మండినవాణ్ని అని ఎవరైనా అనుకోవచ్చు. నన్నడిగితే, పిల్లల్ని కాపాడుకోవడం ఏ దేవుడికైనా కోపం తెప్పించే పని కాదు. ఇన్నేళ్లకూ నా మాట అదే. తమాషా ఏమిటంటే, కొన్ని వారాలకు పిల్లల నూగు రాలిపోయి ఈకలు వచ్చాయి. నూగుతో పాటే రంగూ పోయింది. కడగడానికి ఏమీ మిగల్లేదు. నా మీద తీర్పు మాత్రం అట్లే ఉండిపోయింది.

పాళెంలో నాతో మాటలు తగ్గిపోయాయి. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. నిప్పు కోసం పోతే ఇచ్చేవాళ్లు గానీ కూర్చోమనేవాళ్లు కాదు. బావి దగ్గరికి పోతే మాట మధ్యలో ఆగేది. వానలు లేక బీడు ఎండిపోవడంతో అవ్వ కూడా మేకలను తోలుకుని కొండల వైపు వలస పోయింది. పోయేముందు గడప మీద కూర్చుని, "ముంగిసకు మాత్రం రంగూ లేదు, దేవుడూ లేడప్పా. దాన్ని కనిపెట్టుకో" అని చెప్పి లేచింది.

చెప్పినట్టే ముంగిస వచ్చింది. నేను కూలికి పోయిన ఒక పగలు, కట్టేసిన తల్లి ఎదుటే రెండు పిల్లల గొంతులు కొరికి, తినకుండా వదిలేసి పోయింది. ఇంటికొచ్చి చూస్తే పెట్ట తాడు పొడుగునా రెక్కలు కొట్టుకుని, కాలు ఒరుసుకుపోయి ఉంది. ఇక వాటిని ఇంట్లో వదిలి పోలేనని అప్పుడే తెలిసిపోయింది.

జొన్న పాలు పట్టే కాలం. ఊళ్లో ఒక ఆసామి తన చేలో మంచె మీద కావలి పని ఇచ్చాడు. వడిసెలతో రాళ్లు విసిరి పిట్టల్ని తోలాలి. మొదటి రోజు తల్లినీ పిల్లల్నీ గంపలో పెట్టుకుని, గంప నెత్తిన పెట్టుకుని చేనికి పోయాను. మగవాడు కోళ్ల గంప నెత్తిన పెట్టుకుని ఊరి మధ్యలో నడవడం అదే మొదలు కాబోలు, అరుగుల మీదివాళ్లు అందరూ లేచి మరీ చూశారు. ఆసామి మంచె కింద మేస్తున్న కోళ్లను చూసి నోరు తెరిచాడు.

"నేను నిన్ను పిట్టల్ని తోలమన్నానా, పిట్టల్ని సాకమన్నానా?"

"పైన ఎగిరేటివి మీవి, తోల్తా. కింద తిరిగేటివి నావి, సాకుతా."

"జొన్న గింజ ముట్టినాయంటే రెండూ నావే, సూస్కో" అని నవ్వుకుంటూ పోయాడు. మంచి మనిషే.

మంచె మీద ఒంటరితనం గురించి ఎవరూ రాయగా నేను చదవలేదు. చుట్టూ మనిషికంటే ఎత్తు జొన్న. గాలి వీస్తే అంతా ఒకేసారి గుసగుసలాడుతుంది, ఆగితే అంతా ఒకేసారి మౌనం. పొద్దంతా నోటి నుంచి వచ్చేది "హోయ్" అన్న అరుపొక్కటే. సాయంత్రం ఇంటికి పోయినా మాట్లాడే మనిషి లేడు గనక ఆ అరుపే ఆ రోజుకు నా మాట. నల్లటి పసులపోలిగాడు ఒకడు మంచె గుంజ మీద కూర్చునేవాడు. పిట్ట పిడికెడు, పౌరుషం బారెడు. గద్ద కనపడితే చాలు, ఎగిరి దాని వీపు మీద పొడిచి పొడిచి చేను దాటించేవాడు. మా సంఘ పెద్దల కంటే వాడే నాకు ఎక్కువ సాయం చేశాడు.

పిలుపుకు ఒక ఉపాయం దొరికింది. కొబ్బరిచిప్పలో నాలుగు గింజలు వేసి గలగలలాడిస్తే పెట్ట వచ్చేది. నా గొంతుకు కాదు, గింజల చప్పుడుకు. అదైనా చాలనుకున్నాను.

ఒక సాయంత్రం పొద్దు వాలుతుండగా జొన్న మొదళ్ల మధ్య పచ్చగా రెండు కళ్లు కనపడ్డాయి. అడవిపిల్లి. బాగా ఎదిగిన పెట్టపిల్ల ఒకటి దానికి ఎదురుగా మట్టి గీరుకుంటోంది. బూడిద రంగు ఒంటి మీద నల్లచుక్కలు, ఎత్తైన కాళ్లు. అన్నిట్లో మంచిది అదే, పండుగకు అనుకున్నదీ అదే. వడిసెల తిప్పి వదిలాను. రాయి పిల్లికి తగల్లేదు. జొన్న వెన్నులు నాలుగు విరిగిపడ్డాయి. ఆ చప్పుడుకు పిల్లి చేలో పడి పోయింది, పెట్ట మంచె ఎక్కి నా కాళ్ల మధ్య దూరింది. దాని గుండె నా పాదం మీద కొట్టుకుంటోంది. నేను ఎంతసేపు కదలకుండా నిలబడ్డానో నాకే తెలియదు. ఇంకో ప్రాణం నా ఒంటిని తాకి అప్పటికి చాలాకాలం అయింది.

కోతలు అయ్యాయి. పండుగ ముందు రోజు మైదుకూరు వైపు నుంచి మా అత్త వచ్చింది, బిడ్డ సమాధి చూడాలని. సమాధి దగ్గర కూర్చుని, ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని, వాకిట్లో కోళ్లను చూసి అలవాటుగా "బా బా బా" అంది. దూరంగా దిబ్బ మీదున్న తల్లి పెట్ట చటుక్కున తలెత్తింది. కుంటికాలితోనే పరిగెత్తుకుంటూ వచ్చి ఆమె కాళ్ల దగ్గర ఆగి, ముఖంలోకి చూసింది. తల్లీ బిడ్డల గొంతు ఒకటేనని అంతవరకూ నేను గమనించలేదు. నీళ్లు తెస్తానని కడవ తీసుకుని వెనక్కి పోయాను.

గుడి సంగతి చెప్పాను. అత్త మొత్తం విని, "నిన్ను రావద్దన్నారు. కోడిని రావద్దన్నారా?" అంది.

"అనలేదు."

"మల్లేం? నా బిడ్డ కోడి నా సేతిలో పోతాది."

పండుగ రోజు ఆమె చుక్కల పెట్టను చంకలో పెట్టుకుని గుడిలోకి పోయింది. నేను రాతిగోడ బయట నిలబడ్డాను. నేను లోపలికి పోరాదు, నా చేతుల్లో పెరిగిన కోడి పోవచ్చు. పాట అయింది, ప్రార్థన అయింది. కానుకలు ఎత్తి చూపిస్తున్నారు. గుమ్మడికాయ, జొన్నలు, పేర్లు. తర్వాత నా పెట్ట కెక్కెక్కెమనడం వినపడింది. ఉపదేశి గొంతు కాస్త ఆగింది.

"ఇది... ఒక సోదరి కానుక" అన్నాడు.

"ఒక సోదరేందయ్యా?" అత్త గొంతు గోడ దాటి వచ్చింది. "పేరు పెట్టకుండా పెంచినామా మేము? పేరు సెప్పండి!"

లోపల గుసగుసలు. అప్పుడు అత్తే పలికింది. పొలంలో ఉన్న మనిషిని పిలిచినట్టు, ఆ బోదకప్పు అదిరేటట్టు, తన బిడ్డ పేరు పలికింది. ఒక క్షణం తర్వాత ఉపదేశి కూడా, మెల్లగానే అయినా, ఆ పేరే పలికి వేలం మొదలుపెట్టాడు. ఆ మనిషి మీద నాకున్న కోపంలో సగం ఆ క్షణాన పోయింది. మిగతా సగం ఇంకా ఉంది.

పెట్టను పాడుకున్నది నన్ను మొదట నిలదీసిన పెద్దే. ఆ మధ్యాహ్నమే వాళ్లింట్లో మసాలా నూరే చప్పుడు పాళెమంతా వినపడింది. కోపం రాలేదు. ఎవరన్నా తిననీ అని నా భార్య ముందే చెప్పింది గదా.

తెల్లారి అత్త వెళ్లిపోయింది. బండి ఎక్కేముందు, తనతో వచ్చి ఉండమంది. రానన్నాను. ఆ తర్వాత ఆ పాళెంలో నా భార్య పేరు ఎవరైనా పలకగా నేను వినలేదు. చనిపోయిన మనిషి గదా, పలికే పనేముంది ఎవరికైనా? నేనూ పైకి పలకలేదు. పలికితే ఎవరిని పిలిచినట్టు?

పండుగ నాడు మాత్రం సాయంత్రం దాకా గోడ దగ్గరే ఉన్నాను. గుడి ఖాళీ అయింది, తలుపు వేశారు. నన్ను చూసి కూడా చూడనట్టు జనం ఇళ్లకు పోయారు. ఇంకాసేపు ఉండాలనిపించింది. కానీ పొద్దు గుంకుతోంది, అడవిపిల్లి తిరిగే వేళ. అత్త సమాధి దగ్గరికి పోయింది, ఇంట్లో గంప కమ్మడానికి ఇంకెవరూ లేరు గనక లేచి నడిచాను.